రక్షణ వేరు, జాగ్రత్త వేరు

తెలుగింటి ఆడపిల్ల పుట్టిన దగ్గర్నుంచీ ఎక్కువసార్లు వినే మాట ఏదని ఎవరైనా లెక్క తీస్తే "జాగ్రత్త" అన్నదే మొదట నిలుస్తుందని నా నమ్మకం. బడికి వెళ్తుంటే జాగ్రత్త, బస్సెక్కుతుంటే జాగ్రత్త, గట్టిగా నవ్వినా జాగ్రత్త. మా శ్రీకాకుళం వైపు అయితే "సూసుకొని ఎల్లు" అంటారు. ఈ మాటలో ప్రేమ లేదని ఎవరూ అనలేరు. అయితే దీనికి రెండర్థాలున్నాయి. ఒకటి, వెళ్ళు, చూసుకుని వెళ్ళు అని. రెండోది, వెళ్ళకుండా ఉంటే ఇంకా మంచిది అని. చెప్పేవాళ్ళ గొంతుని బట్టి, వేళని బట్టి, వినేది ఆడపిల్లా మగపిల్లాడా అన్నదాన్ని బట్టి ఆ మాట ఒక అర్థంలోంచి ఇంకో అర్థంలోకి జారిపోతూ ఉంటుంది. ముప్పై రెండేళ్ళ వయసులో మోటారు సైకిల్ నేర్చుకుంటున్నప్పుడు ఈ రెండర్థాల మధ్య దూరం గురించి ఆలోచించడం మొదలుపెట్టాను. ఆ ఆలోచనే ఈ వ్యాసం.

మోటారు సైకిలే ఎందుకు, స్కూటీ నేర్చుకోవచ్చు కదా అని అందరూ అడిగారు. సమాధానం చాలా మామూలుది. ఇంట్లో ఉన్నది తమ్ముడి పాత గేర్ల బండి ఒక్కటే. ఇంకోటి కొనే స్తోమత అప్పట్లో లేదు. పరిశోధన కోసం నేను తిరగాల్సిన ఊళ్ళు పాలకొండ, సీతంపేట దారుల్లో రోడ్డుకి లోపలగా ఉండేవి. బస్సు దిగాక ఆటో కోసం గంట నిలబడాలి. తిరుగు బస్సు వేళకి మాట్లాడుతున్న ముసలమ్మని సగం కథలో వదిలేసి లేచి రావాలి. అంటే నా పరిశోధన ఎంత లోతుకి వెళ్ళాలో నేను కాకుండా బస్సు టైం టేబుల్ నిర్ణయించేది. అందుకని బండి నేర్చుకోవాలనుకున్నాను. నేర్పే చోటికి వెళ్తే "ఆడవాళ్ళకి గేర్ల బండి నేర్పమండీ, స్కూటీ అయితే చెప్పండి" అన్నారు. చివరికి తమ్ముడే ఖాళీ మైదానంలో నేర్పాడు. అక్కడ గొడ్లు కాసుకునే తాత ఒకాయన రెండు రోజులు చూసి, "ఏటమ్మా, నీకు ఆడోల్ల బండి దొరకనేదేటి?" అని నిజమైన జాలితో అడిగాడు.

ఆడోళ్ళ బండి, మగోళ్ళ బండి అన్న ఈ విభజన పాతదేమీ కాదు. 1984లో కైనెటిక్ హోండా, ఆ తర్వాత తొంభైల్లో స్కూటీ, ఈ శతాబ్దం మొదట్లో యాక్టివా వచ్చాక స్థిరపడింది. 2005 ప్రాంతంలో వచ్చిన ప్లెజర్ ప్రకటనయితే సరదా అంతా మగపిల్లలకేనా అని అడిగి, ఆడపిల్లల సరదాకి వేరే బండి చూపించింది. గేర్లు లేని బళ్ళని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. జిల్లాలో ఎంతమంది టీచర్లు, నర్సులు, సచివాలయం ఉద్యోగినులు వాటి మీద రోజూ మండలాలు దాటుతున్నారో ఉదయం ఎనిమిదిన్నరకి ఏడు రోడ్ల కూడలిలో నిలబడితే తెలుస్తుంది. నేను అడిగేది వేరు. మోటారు సైకిల్ బరువు, ఆడవాళ్ళు ఆపుకోలేరు అంటారు కదా. స్ప్లెండర్ లాంటి మామూలు మోటారు సైకిల్‌కీ, యాక్టివాకీ బరువులో పది కిలోల తేడా కూడా లేదు. నెత్తిమీద నీళ్ళ బిందె, చంకన పిల్ల, చేతిలో గడ్డిమోపుతో గట్టు మీద నడిచే ఆడవాళ్ళున్న జిల్లాలో ఆ పది కిలోల మీద ఇంత సిద్ధాంతం కట్టడం విచిత్రం. బలం గురించి మాట్లాడుతున్నట్టు కనిపిస్తూ మనం నిజానికి మాట్లాడేది ఎవరు ఎంత దూరం వెళ్ళొచ్చన్న దాని గురించే.

1980లో అమెరికన్ స్త్రీవాద తత్వవేత్త ఐరిస్ మేరియన్ యంగ్ ఒక వ్యాసం రాసింది. బంతి విసిరేటప్పుడు ఆడపిల్లలు ఒళ్ళంతా ఎందుకు వాడరు, చెయ్యి మాత్రమే ఎందుకు కదుపుతారు అన్నది ఆమె ప్రశ్న. తేడా కండరాల్లో కంటే పెంపకంలో ఉందంటుంది. ఆడపిల్ల శరీరం ఒకవైపు "నేను చేయగలను" అంటూనే ఇంకోవైపు "నా వల్ల కాదు" అనుకుంటుంది. తనని తాను కదిలే మనిషిగానూ, ఎవరో చూస్తున్న వస్తువుగానూ ఒకేసారి అనుభవిస్తుంది. ఈ మాటల అసలు అర్థం నాకు లైబ్రరీలో కంటే బండి మీదే ఎక్కువ బోధపడింది. బండి నేర్చుకునేవాళ్ళకి చెప్పే మొదటి సూత్రం, తల ఎత్తి దూరం చూడమని. చూపు ఎటుంటే బండి అటు పోతుంది. గుంటని చూస్తూ పోతే గుంటలోనే దిగుతాం. గుంట పక్కనున్న దారిని చూస్తే దారిలో పోతాం. ముప్పై ఏళ్ళుగా తల వంచుకుని నడవమని, ఎదురొచ్చేవాళ్ళ కళ్ళలోకి చూడొద్దని నేర్పిన శరీరానికి ఈ సూత్రం ఎంత కష్టమో చెప్పలేను. క్లచ్చు, గేరు నాలుగు రోజుల్లో వచ్చేశాయి. చూపు రావడానికి నెల పట్టింది.

ముందు బ్రేకు కథ ఇంకొకటి. "ముందు బ్రేకు ముట్టుకోకు, పల్టీ కొడతావు" అని నాకు కనీసం పదిమంది చెప్పారు. నిజానికి బ్రేకు వేయగానే బండి భారం ముందు చక్రం మీదకి వస్తుంది. అందువల్ల బండిని ఆపే శక్తి ఎక్కువ భాగం ముందు బ్రేకులోనే ఉంటుంది. వంపులోనో, ఇసక మీదో గభాలున నొక్కితే ప్రమాదం. తిన్నని రోడ్డు మీద రెండు బ్రేకులూ కలిపి క్రమంగా బిగిస్తే తక్కువ దూరంలో ఆగుతుంది. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. ప్రమాదం చూసి చెయ్యి కదిలేలోపే ఆ 17 మీటర్లూ అయిపోతాయి. భయం ముందు బ్రేకుని ముట్టుకోవద్దంటుంది. తెలివిడి దాన్ని ఎలా ముట్టుకోవాలో చెబుతుంది. మనకి వారసత్వంగా వచ్చే జాగ్రత్తల్లో ఎన్ని తెలివిడికి చెందినవి, ఎన్ని భయానికి చెందినవి అని విడదీసి చూసుకోవడం అప్పట్నుంచే నాకు అలవాటయింది.

ఈ విడదీయడం ఒక్కరి పని కాదని చెప్పే చరిత్ర మన పక్కనే ఉంది. తొంభైల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు చదువుతో పాటు సైకిల్ తొక్కడం కూడా నేర్పారు. అప్పటి కలెక్టర్ షీలా రాణి చుంకత్ దానికి అండగా నిలిచారు. వేలమంది పల్లె స్త్రీలు, వ్యవసాయ కూలీలు, క్వారీల్లో పనిచేసేవాళ్ళు సైకిలెక్కారు. వెక్కిరింతలు పడ్డారు, బూతులు విన్నారు, అయినా దిగలేదు. పత్రికారచయిత పి. సాయినాథ్ ఆ కథని దేశానికి చెప్పారు. 2006లో బీహార్ ప్రభుత్వం తొమ్మిదో తరగతికి చేరిన ఆడపిల్లలకి సైకిల్ కొనుక్కోవడానికి డబ్బులివ్వడం మొదలుపెట్టింది. దాని మీద పరిశోధించిన ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాష్ ఆ పథకం వల్ల హైస్కూల్లో ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగిందనీ, ఆడపిల్లలకీ మగపిల్లలకీ మధ్య అంతరం 40 శాతం తగ్గిందనీ తేల్చారు. బడి దగ్గరికి రాలేదు, దారి మారలేదు. పిల్లలు కలిసి, గుంపుగా, చక్రాల మీద వెళ్ళగలిగారు. అంతే. దారిలో ఉన్న ప్రమాదం పేరు చెప్పి బడి మాన్పించడం ఒక పద్ధతి. దారిని దాటే సాధనం ఇవ్వడం ఇంకో పద్ధతి. రెండిటినీ మనం "పిల్ల క్షేమం కోసమే" అంటాం.

సాహిత్యం చదువుకున్నదాన్ని కనుక మా విజయనగరం నాటకం గుర్తుకు రాకుండా ఉండదు. కన్యాశుల్కంలో ఆడవాళ్ళు ఎలా ప్రయాణిస్తారో గమనించండి. బుచ్చమ్మ గిరీశంతో బండిలో వెళ్ళిపోతుంది. వెళ్ళాలన్న కోరిక ఆమెది కూడా కావచ్చు, కానీ బండి ఎటు తిరగాలో నిర్ణయించేది ఆమె కాదు. తన నిర్ణయంతో, తన పని మీద, తను వెళ్ళదలచుకున్న ఇంటికి వెళ్ళేది మధురవాణి ఒక్కతే. సౌజన్యారావు పంతులు ఇంటికి ఆమె వెళ్ళేది మగవేషంలో. 1909 నాటి రెండో కూర్పుకి నూరేళ్ళు దాటిపోయినా ఈ రెండు ప్రయాణాలూ మన రోడ్ల మీద ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. ఒకామె ఎవరో నడిపే బండి వెనక కూర్చుంటుంది. ఇంకొకామె చీకటి పడ్డాక హెల్మెట్ అద్దం దించుకుని, జుట్టు చొక్కా లోపలికి దోపుకుని, తను ఆడమనిషినని తెలియకుండా బండి నడుపుతుంది. రెండోది నేను చేశాను, నాకు తెలిసిన చాలామంది చేశారు. అది ఒక ఉపాయం. స్వేచ్ఛ అని దానికి పేరు పెట్టలేను.

వెనక సీటు గురించి కొంచెం ఆగి మాట్లాడుకోవాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 123వ నిబంధన ఒకటుంది. ప్రతి మోటారు సైకిల్‌కీ వెనక కూర్చునేవాళ్ళ కోసం పట్టుకోవడానికి పిడి, కాలు పెట్టుకోవడానికి ఆధారం, వెనక చక్రంలో బట్టలు చిక్కుకోకుండా కనీసం సగం చక్రాన్ని కప్పే ఏర్పాటు ఉండాలని అది చెబుతుంది. మనం శారీ గార్డ్ అనేది దాన్నే. నిబంధనలో స్త్రీ అన్న మాట లేదు. కానీ ఆ బట్టలు ఎవరివో చదివిన ప్రతివాళ్ళకీ తెలుసు. మన దేశంలో మోటారు సైకిల్ తయారైనప్పుడే దాని ఆకారంలో ఒక స్త్రీ ఉంది. ఆమె వెనక, ఒకవైపుకి రెండు కాళ్ళూ వేసి, చీరలో కూర్చుని ఉంది. ఆ ఇనప చట్రం ఎన్నో ప్రాణాలు కాపాడి ఉంటుంది, దాని మీద నాకేమీ కోపం లేదు. కానీ చీర చిక్కుకోకుండా చూసిన ఆలోచన, ఆమె ముందు సీట్లో కూర్చుంటే అన్న ఊహ దాకా ఎందుకు రాలేదన్నది నా ప్రశ్న.

వెనక సీటులో కూర్చోవడం అంటే ఇంకొకరి నిర్ణయాల ఫలితాన్ని మన శరీరం మీద మోయడం. వేగం ఆయనది, తాగింది ఆయన, ఫోన్ మాట్లాడింది ఆయన, రాంగ్ రూట్‌లో వెళ్ళింది ఆయన. పడేది ఇద్దరూ. ఒకవైపు కూర్చున్నామె బరువంతా ఒక పక్కనే ఉంటుంది, పట్టు తక్కువ, గుంట వచ్చినప్పుడు ముందుగా జారేది ఆమే. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. హెల్మెట్ పెట్టుకోకుండా చనిపోయినవాళ్ళు 50,029 మంది. అందులో 14,337 మంది బండి నడుపుతున్నవాళ్ళు కారు, వెనక కూర్చున్నవాళ్ళు. మా టెక్కలి, నరసన్నపేట రోడ్డు మీద గ్రానైట్ బండలు మోసే లారీల మధ్య వెళ్తున్న బళ్ళని చూడండి. ముందు కూర్చున్న మగమనిషికి హెల్మెట్ ఉంటుంది, చలానా భయం వల్లనైనా. వెనకున్న భార్య నెత్తి మీద కొంగు ఉంటుంది. ఒడిలో పిల్ల ఉంటుంది. 2019లో సవరించిన చట్టం నాలుగేళ్ళు దాటిన ప్రతి మనిషికీ హెల్మెట్ ఉండాలంటోంది. ఇంట్లో మాత్రం ఒకే హెల్మెట్, ఒకే తల ఇప్పటికీ.

ఇక భయం సంగతికి వస్తాను. 2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర జరిగింది మనమెవరం మరిచిపోలేదు. ఒక యువ పశువైద్యురాలు తన పనులు చూసుకుని స్కూటర్ తీసుకోవడానికి వచ్చింది. ఆ స్కూటర్ టైరులో గాలి లేదు, కావాలనే తీసేశారు. ఆ తర్వాత జరిగిన ఘోరం నేను మళ్ళీ రాయలేను. ఆమెని దిశ అని పిలిచారు. డిసెంబర్ 6న నలుగురు నిందితులనీ పోలీసులు కాల్చి చంపారు. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని సుప్రీం కోర్టు నియమించిన సిర్‌పుర్‌కర్ కమిషన్ నివేదిక 2022లో చెప్పింది. ఈ మధ్యలో ఇంకొకటి జరిగింది, అంతగా చర్చకి రాలేదు. తెలంగాణ ఆర్టీసీలో మహిళా ఉద్యోగుల పని రాత్రి ఎనిమిది లోపు ముగించాలని అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించారు. మా జిల్లాలో కూడా ఆ వారంలో ఎన్ని స్కూటీల తాళాలు అల్మారాల్లోకి వెళ్ళాయో నాకు తెలుసు. నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి "ఇంట్లో బండి ముట్టుకోనివ్వట్లేదు మేడం" అని చెప్పి ట్యూషన్ ఉద్యోగం మానేసింది. నేరం చేసింది నలుగురు మగవాళ్ళని చెబుతూ, రాత్రుళ్ళు ఇంట్లో ఉండాల్సింది మాత్రం ఆడవాళ్ళన్నాం. ఇందులో తర్కం ఎక్కడుంది?

తర్కం ఎక్కడిదో వెతికితే అది చాలా పాతది. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం బాల్యంలో తండ్రి, యవ్వనంలో భర్త, ముసలితనంలో కొడుకు స్త్రీని రక్షిస్తారని చెప్పి, అదే శ్లోకంలో ఆమె స్వాతంత్ర్యానికి తగదని ముగిస్తుంది. రక్షణ, అస్వాతంత్ర్యం ఒకే ఊపిరిలో వస్తాయి. ఒకటి ఇచ్చి ఇంకోటి తీసుకునే బేరం అది. ముంబైలో స్త్రీలూ బహిరంగ స్థలాల గురించి పరిశోధించిన శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే 2011లో ప్రచురించిన పుస్తకంలో ఈ బేరాన్నే తిరస్కరించారు. భద్రత అడిగితే ఇంట్లో కూర్చోబెడతారు, కనుక మనం రిస్కు తీసుకునే హక్కు అడగాలి అన్నారు. పని లేకపోయినా వీధిలో ఉండే హక్కు, ప్రమాదం ఎదురైతే "అక్కడికెందుకు వెళ్ళావు" అన్న ప్రశ్న వినకుండా ఉండే హక్కు. చదివినప్పుడు నాకు ఊపిరి ఆడినట్టయింది. కానీ బండి ఎక్కాక ఈ వాదానికి ఒక చిక్కు ఎదురైంది.

చిక్కు హెల్మెట్. నాన్న "నీకేటి అవసరమమ్మా, ఏటైనా అయితే" అన్నప్పుడు, నా ప్రాణం, నా రిస్కు అన్నాను. మరి రాజ్యం అదే మాటని చట్టంగా చెబితే ఎందుకు ఒప్పుకోవాలి? పెద్దరికంతో మన మంచిని మనకంటే ముందు నిర్ణయించే రాజ్యాన్ని ఇంగ్లీషులో తండ్రి అనే మాటతోనే పిలుస్తారు. 1859లో జాన్ స్టువార్ట్ మిల్, ఇతరులకి హాని చేయనంత వరకూ మనిషి తన మీద తనే సార్వభౌముడని వాదించాడు. పదేళ్ళ తర్వాత స్త్రీల బానిసత్వం మీద పుస్తకం రాసింది కూడా ఆయనే. ఆయన వాదం పట్టుకుంటే హెల్మెట్ నా ఇష్టం కావాలి. తండ్రి మాటని కాదని రోడ్డెక్కినదాన్ని, పోలీసు మాటకి తలవంచడం అవకాశవాదం కాదా?

కాదనే అనుకుంటున్నాను. ఎవరు ఏ జాగ్రత్త చెప్పినా దాన్ని నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. ఇది నన్ను వెళ్ళనిస్తుందా, ఆపుతుందా? ఇది అందరికీ వర్తిస్తుందా, నా ఒక్కదానికేనా? ఇది చూపించే ప్రమాదానికి ఒక ఆకారం ఉందా, అంటే నేను పరీక్షించి, అవసరమైతే కాదనగలిగేలా ఉందా? హెల్మెట్ ఈ మూడింటికీ నిలబడుతుంది. అది నన్ను రోడ్డు మీదే ఉంచుతుంది. మగవాడి తలకీ నా తలకీ ఒకటే నియమం. అనేక అధ్యయనాలని కలిపి చూసిన సమీక్ష ఒకటి 2008లో హెల్మెట్ వల్ల మరణ ప్రమాదం 42 శాతం, తలకి గాయమయ్యే ప్రమాదం 69 శాతం తగ్గుతుందని తేల్చింది. ఆ అంకెలతో నేను వాదించొచ్చు, ఇంకో అధ్యయనం తేవచ్చు. రాత్రి ఎనిమిది తర్వాత ఆడవాళ్ళు బయట ఉండకూడదన్న మాట మూడు ప్రశ్నలకీ నిలబడదు. అది ఆపుతుంది, ఒకరినే ఆపుతుంది, తనకి రుజువు అడగడమే తప్పంటుంది. మొదటిది జాగ్రత్త. రెండోది రక్షణ పేరుతో నడిచే కర్ఫ్యూ.

దీనికి తిరగేసిన ఉదాహరణ ఢిల్లీ. 2014 దాకా అక్కడ హెల్మెట్ నియమం నుంచి ఆడవాళ్ళందరికీ మినహాయింపు ఉండేది. ఆ ఏడాదే సిక్కు స్త్రీలకి తప్ప మిగిలినవాళ్ళందరికీ తప్పనిసరి చేశారు. ఆడవాళ్ళు రాత్రి బయటికి రాకూడదని అంత పట్టుగా ఆలోచించే సమాజం, పగలు వాళ్ళ తల పగలకుండా చూడడం గురించి అన్నేళ్ళు ఆలోచించలేదు. రక్షణ దేన్ని కాపాడుతోందో ఇక్కడ తెలిసిపోతుంది. దాని దృష్టి పరువు మీద ఉంది, పుర్రె మీద లేదు.

అయితే రిస్కు తీసుకునే హక్కు అనే మాట రోడ్డు మీద ఇంకోచోట కూడా తడబడుతుంది. వీధిలో ఊరికే నిలబడినప్పుడు నా రిస్కు నాది. బండి మీద ఉన్నప్పుడు నేను వందకి పైగా కిలోల ఇనుముని. కళింగపట్నం దారిలో చేపల గంపలు నెత్తిన పెట్టుకుని వరసగా నడిచే ఆడవాళ్ళకి, కోతలయ్యాక రోడ్డు పక్కన ధాన్యం ఆరబోసుకుని కాళ్ళతో తిరగేసే ముసలమ్మకి, సాయంత్రం ఇంటికి మళ్ళే గొడ్ల మందకి నేను ప్రమాదాన్ని. లారీ నన్ను తోసేసినట్టు నేను వాళ్ళని తోసేయగలను. హారన్ కొట్టి భయపెట్టగలను. స్త్రీగా నేను అణగినదాన్నే, కానీ ఆ క్షణంలో ఆ రోడ్డు మీద గంప మోసే స్త్రీ కంటే బలవంతురాలిని. బండి, లైసెన్సు, చదువు నాకున్నాయి, ఆమెకి కాళ్ళున్నాయి. ముందు సీట్లోకి వచ్చిన స్త్రీ మగవాడి వేగాన్నీ, హారన్‌నీ, రోడ్డు నాదేనన్న ధీమానీ కూడా తెచ్చుకుంటే రోడ్డు మీద మనుషులు మారారు తప్ప నీతి మారలేదు. మనం కోరిన సమానత్వం అది కాదు.

ఈ మాట ఎందుకంటే ఆ నీతి ఖరీదు ఎంతో లెక్కల్లోనే ఉంది. 2022లో రోడ్డు మీద చనిపోయినవాళ్ళలో స్త్రీలు దాదాపు 14 శాతమే. స్త్రీలు క్షేమంగా ఉన్నారని దీన్ని చదవొచ్చు. స్త్రీలు రోడ్డు మీద లేరని కూడా చదవొచ్చు, అదే ఎక్కువ నిజం. మిగిలిన 86 శాతం మగవాళ్ళు. వాళ్ళలో ఎంతమంది ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళో మా ఊళ్ళ పొలిమేరల్లో కట్టిన ఫ్లెక్సీల్లో ఫొటోలు చూస్తే తెలుస్తుంది. వాళ్ళకి "జాగ్రత్త" అని గట్టిగా చెప్పినవాళ్ళు తక్కువ. చెబితే పిరికివాడయిపోతాడు. ఆడపిల్లకి అవసరానికి మించి పంచిన మాటని మగపిల్లాడికి పంచకపోవడం వల్ల ఇద్దరూ నష్టపోయారు. ఆమె దారి పోయింది, అతని ప్రాణం పోయింది. అతని శవం ముందు కూర్చుని ఏడ్చేది మళ్ళీ ఒక స్త్రీయే. పితృస్వామ్యం మగవాళ్ళకి కూడా మంచి చేయదని మనం అంటూ ఉంటాం. దానికి రోడ్డు కంటే తేలిగ్గా కనిపించే రుజువు లేదు.

బండి నేర్చుకోవడమే విముక్తి అని చెప్పే తొందర నాకు లేదు. బండి కొనుక్కోలేనివాళ్ళు, నడపలేని వయసువాళ్ళు, నడపడం ఇష్టం లేనివాళ్ళు ఉన్నారు. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో "స్త్రీ శక్తి" పేరుతో ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకి ఉచిత ప్రయాణం మొదలైంది. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచే ఉంది. బస్సుల్లో రద్దీ గురించి, పనిలేని ప్రయాణాల గురించి వచ్చే వెటకారం విన్నప్పుడల్లా నాకు సైకిలెక్కిన పుదుక్కోట్టై స్త్రీలే గుర్తొస్తారు. ఆడవాళ్ళు కదిలితే వెటకారం అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది. పని లేకుండా ప్రయాణం చేసే స్త్రీని భరించలేని సమాజం ఉన్నంతకాలం ఆ ప్రయాణం ఒక రాజకీయ చర్యే. కానీ లోపలి ఊళ్ళకి బస్సులు వేయడం, జాతీయ రహదారిని ఊరు దాటేచోట వెలుతురు పెట్టడం, లైట్లు లేకుండా ఆపిన లారీలని తీయించడం నా ధైర్యంతో జరిగే పనులు కావు. ఒక్కొక్క స్త్రీనీ ధైర్యంగా ఉండమని చెప్పి ఊరుకోవడం కూడా బాధ్యత తప్పించుకునే పద్ధతే.

ఇప్పుడు నా బండి వెనక అమ్మ కూర్చుంటుంది. ఆసుపత్రికి, అరసవల్లికి, చుట్టాలింటికి. ఆమె వెనక సీటులో యాభై ఏళ్ళు గడిపిన మనిషి. మొదట సైకిల్ మీద, తర్వాత నాన్న స్కూటర్ మీద. రెండు వైపులా కాళ్ళు వేసి కూర్చో, పట్టు ఉంటుంది అన్నాను. "ఓలమ్మ, సీర కట్టుకొని అలగెలా కూకుంతానే?" అంది. హెల్మెట్ పెట్టుకోమంటే మెడ నొప్పంది. ఆమె ప్రాణం ఇప్పుడు నా చేతుల్లో ఉంది. నాన్న నా విషయంలో భయపడిన భయం ఎలాంటిదో నాకిప్పుడు లోపలినుంచి తెలుస్తోంది. "అయితే నువ్వు రావద్దు, ఇంట్లోనే ఉండు" అనడం ఎంత తేలికో కూడా తెలిసింది. ఆ మాట నోటిదాకా వచ్చినప్పుడే నేను పైన రాసిన మూడు ప్రశ్నలూ నాకే వేసుకోవాల్సి వచ్చింది.

మేం ఇంకా బేరమాడుకుంటూనే ఉన్నాం. తేలికపాటి హెల్మెట్, ఐ.ఎస్.ఐ. గుర్తున్నది, ఆమె తలకి సరిపోయేది వెతికి కొన్నాను. మెడ నొప్పి తగ్గిందంటుంది, ముడి పాడవుతోందంటుంది. కాళ్ళ విషయంలో ఆమె ఒప్పుకోలేదు. ఒకవైపే కూర్చుంటుంది. అందుకని ఆమె వెనక ఉన్నప్పుడు నేను నలభై దాటను, పిడి పట్టుకుందో లేదో అడిగి గానీ బయల్దేరను, గుంట ముందు చెప్పి మరీ నెమ్మదిస్తాను. ఆమె ఎలా కూర్చోవాలో నేను నిర్ణయించలేను. ఆమె ఎంచుకున్న తీరులో ఆమె పడకుండా ఎలా నడపాలన్నది మాత్రం నా పని. రక్షించేవాడు ఎదుటి మనిషిని మారమంటాడు. జాగ్రత్త తీసుకునేవాళ్ళు ముందు తమ వేగం మార్చుకుంటారు.